గీత పడని అద్దం

ఫోన్లు కింద పడేసినందుకు నాకు జీతం ఇచ్చేవాళ్ళు అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నిజంగా అదే నా పని. హైదరాబాద్‌లో ఒక ఫోన్ల కంపెనీ, అందులో నాణ్యత చూసే విభాగం. కొత్త ఫోన్‌ను నడుమెత్తు నుంచి రాతిపలక మీదికి వదలడం, ఇసుకతో రుద్దడం, వేడి పెట్టెలో పెట్టడం, ఏది ఎట్లా పాడైందో చూసి పైవాళ్ళకు చెప్పడం. ఈ మధ్యనే రిటైరయ్యాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన వాళ్ళు ఎక్కడ కనిపించినా నన్ను అడిగేది ఒకటే: "మేడం, గీత పడని అద్దం ఏది?"

అట్లాంటి అద్దం ఒకటి మా దగ్గర ఉండేది. దాన్ని తీసుకుని టేకులపల్లి అవతల అడవి అంచు గూడేనికి వెళ్ళాను. మీరు అడిగిన దానికి జవాబు చెప్పాలంటే ఆ రోజు సంగతి చెప్పాలి.

అప్పుడు మా కంపెనీ ఊళ్ళలో, అడవుల్లో తిరిగి పనిచేసే ఉద్యోగుల కోసం ఒక మొండి ఫోన్ తయారుచేస్తోంది. లోపలి యంత్రం అంతా ఒకటే. పైన ఏ అద్దం వేయాలన్నదే తేలలేదు. మూడు రకాలు మిగిలాయి. ఒకటి, పైన రాయంత గట్టి పూత వేసిన అద్దం. తాళంచెవితో గీకినా, కత్తితో గీకినా చెక్కు చెదరదు. రెండోది అంత గట్టిది కాదు. కరిగి కాగే ఉప్పులో నానబెట్టి బలం పట్టించిన అద్దం, కొంచెం లొంగే గుణం ఉంది. గీతలు పడతాయి కానీ తొందరగా పగలదు. మూడోది అసలు అద్దమే కాదు, ప్లాస్టిక్ పలక. పగలడం అన్న మాటే లేదు, గోరు తగిలినా గీత.

మా బాస్ మొదటిదాని మనిషి. మంచివాడు, పని తెలిసినవాడు, కాకపోతే గీత అంటే ఆయనకు ప్రాణం మీదికి వస్తుంది. "కొన్న మర్నాడు గీత కనిపిస్తే వాడు మన కంపెనీని జన్మలో క్షమించడమ్మా. అదే పగిలిందనుకో, తన చేతిదే తప్పు అనుకుంటాడు" అనేవాడు. వ్యాపారంగా చూస్తే అందులో అబద్ధం ఏమీ లేదు. షాపులో ఫోన్ చేతికివ్వగానే జనం వెలుతురుకు తిప్పి చూసేది గీతల కోసమే.

నా సొంతూరు మధిర పక్క. "అటువైపు ఊళ్ళు నీకే తెలుసు, నువ్వే తిరిగి రా" అన్నారు. మూడు రకాల ఫోన్లూ సంచిలో వేసుకుని బయల్దేరాను. మొదట అశ్వారావుపేటలో పామాయిల్ తోటల మేస్త్రీలకు ఇచ్చాను. ప్లాస్టిక్ పలక అక్కడే ఓడిపోయింది. జేబులో దుమ్ము, చేతికి గెలల పీచు, తుడిచేది భుజం మీది తువ్వాలతో. కొద్ది రోజుల్లోనే పాలు పోసినట్టు తెల్లబడింది. ఎండలో పెడితే అంకె కనిపించదు.

అక్కడి నుంచి టేకులపల్లి వైపు వచ్చాను. ఆ రోజుల్లో అక్కడ పోడు భూముల కొలతలు నడుస్తున్నాయి. అడవి అంచున ఏళ్ళ తరబడి సాగు చేసుకుంటున్న వాళ్ళ చేలను ఫోన్‌తో కొలిచి, పట్టా కోసం పైకి పంపే పని. ఫోన్ పట్టుకుని గెట్టు వెంబడి చేను చుట్టూ నడవాలి, మూలమూలకూ ఆగి రైతును నిలబెట్టి ఫోటో తీయాలి. అంతా ఫోన్‌లో దాచుకుని, సిగ్నల్ దొరికే చోటికి వచ్చాక పైకి పంపాలి. మా ఫోన్లకు ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? అడిగితే ఒప్పుకున్నారు.

కొలతలు చేసేది పంచాయతీ సెక్రటరీ. నేలకొండపల్లి వైపు అమ్మాయి, పెళ్ళై ఎక్కువ రోజులు కాలేదు, స్కూటీ మీద గూడేలన్నీ తిరిగేది. ఆమెకు మొదట ప్లాస్టిక్ ఫోనే ఇచ్చాను. "మేడం, దీంట్ల నాకు రైతు మొఖమే కనపడ్తలేదు, గెట్టేం కనపడ్తది?" అని తిరిగి ఇచ్చేసింది. దాని బదులు గట్టి పూత ఫోన్ ఇచ్చాను. తళతళలాడే తెర చూసి మురిసిపోయింది. రెండో రకం ఫోన్ అటవీశాఖ బీటాఫీసర్ దగ్గర ఉంది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఫోన్ ఎట్లా ఉంది సార్ అంటే "ఉంది" అనేవాడు.

ఆ గూడెంలో కొలతలకు అదే ఆఖరు రోజు. సాయంత్రంలోపు పైకి పంపినవే లెక్క. ఆ తర్వాత ఆ గూడెం పని అయిపోయినట్టు మూసేసి, మర్నాటి నుంచి ఇంకో చోటికి పోవాలి. ఒక్క చేను మిగిలింది. అది ఒక వితంతువుది. అరవై దాటిన కోయ మనిషి, సన్నగా, వెదురుబద్దలా ఉంటుంది. ఆమె చేనూ, ఆమె మరిది చేనూ పక్కపక్కనే. ఆమె మొగుడు పోయినప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో గెట్టు రాయిని మరిది జరిపాడని ఆమె, వదినే జరిపిందని అతను. హద్దు పంచుకునే మనిషి వచ్చి మూల దగ్గర నిలబడి ఒప్పుకుంటేనే కొలత చెల్లుతుంది. ఇన్నాళ్ళూ అతను రానంటే రానన్నాడు. సెక్రటరీ అమ్మాయి వాళ్ళింటి చుట్టూ తిరిగి తిరిగి, బతిమాలి, కోప్పడి, చివరికి ఒప్పించింది.

"నేనొస్త గని, జల్దీ కానియ్యాలె. మాపటికి మిర్చి ఏరనీకి పోవాలె, ట్రాలీ ఆటో వస్తది" అన్నాడు.

పొద్దున్నే బీటాఫీసర్‌తో సహా అందరం చేలోకి వెళ్ళాం. పత్తి ఏరేసిన చేను, ఎండిన కట్టె నిలబడి ఉంది. మట్టిలో గాజుపెంకుల్లా మెరిసే సన్న రాళ్ళు. నా కన్ను వాటి మీదే పోయింది. ఫోన్ అద్దానికి శత్రువు తాళంచెవి కాదు, కత్తి కాదు. ఆ మెరిసే ఇసుక. సెక్రటరీ ఫోన్‌ను ఆ ఇసుక చేతులతోనే తీస్తోంది, సంచిలో వేస్తోంది. నాకు స్థిమితం లేదు. ఒకటి రెండుసార్లు అడిగి తీసుకుని ఎండకు తిప్పి చూశాను. ఒక్క గీత లేదు. బాస్‌కు ఈ మాట చెబితే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను.

గెట్టు వెంబడి నడిచారు. ఆఖరి మూల ఇద్దరి చేలూ కలిసే చోట. అక్కడ నేల మీద పెద్ద పరుపుబండ. వదినా మరిదీ ఆ బండ మీద ఎడంగా నిలబడ్డారు. ఆమె అటు చూస్తోంది, అతను ఇటు.

"కొంచెం దగ్గరికి జరగండి" అంది సెక్రటరీ.

జరగలేదు. అమ్మాయే నాలుగడుగులు వెనక్కి నడిచి, ఇద్దరూ పట్టేటట్టు ఫోటో తీసింది.

"ఇదే హద్దా? ఇద్దరూ చెప్పండి" అని బీటాఫీసర్ అడిగాడు.

"అవ్" అందామె.

అతను గెట్టు రాయి వంక చూశాడు. "అవ్, ఇదే" అన్నాడు.

బీటాఫీసర్ తలూపి, లోపలి గూడెంలో ఇంకేదో పని ఉందని బండెక్కి వెళ్ళిపోయాడు. అక్కడ సిగ్నల్ ఉండదు. పోతే మళ్ళీ మర్నాడే.

అప్పుడు మరిది ముందుకొచ్చాడు. "ఫోటోల నేనెట్ల పడ్డనో సూడనియ్యమ్మా" అని చెయ్యి చాచాడు. సెక్రటరీ ఫోన్ ఇచ్చింది. ఎండ పడుతుంటే అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఫోన్ చేతిలోంచి పోయింది. మూల తగిలేటట్టు బండ మీద పడింది.

పెద్ద చప్పుడేం కాదు. గింజ చిట్లినట్టు చిన్న శబ్దం. ఉద్యోగమంతా విన్న శబ్దం కాబట్టి చూడకుండానే నాకు అర్థమైంది.

తీసి చూస్తే అద్దం మొత్తం సాలెగూడు. కింద తెర నల్లగా చచ్చిపోయింది. వేలు పెడితే పలకదు. ఫోన్ లోపల బతికే ఉంది, పక్క బటన్ నొక్కితే సన్నగా వణుకుతోంది. తెరవాలంటే తెర మీద గుర్తు గీయాలి. తెరే లేదు.

"కావాల్ననే పడేసిండు" అంది వదిన. గట్టిగా కూడా అనలేదు. పక్క చేలవాళ్ళు అప్పటికే చేరారు. వాళ్ళలో వాళ్ళు కోయలో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు నాకు తెలియకపోయినా చూపులు తెలుస్తున్నాయి.

"జారింది. నేను పడేయలే" అన్నాడతను. ఫోన్ పట్టుకున్న చేతులు ఇంకా అట్లాగే ముందుకు చాచి ఉన్నాయి.

"ఇన్నిరోజులు తిప్పలబడి పట్కొస్తే గిట్ల చేస్తవా?" సెక్రటరీ అతని మీదికొచ్చింది. "ఫోన్ కథ వేరే. ఈమె చేను ఇంక లెక్కలకు రాదు, తెలుస్తుందా నీకు?"

మళ్ళీ కొలుద్దామంటే, ఎదురుగా ఉండాల్సిన బీటాఫీసర్ లేడు. కొలతల ఏర్పాటు ఒక్క ఫోన్‌లోనే ఉండాలి, ప్లాస్టిక్‌దాంట్లోంచి తీసేసి దీంట్లో పెట్టారు. అతను మళ్ళీ వచ్చి నిలబడి 'ఇదే' అంటాడన్న నమ్మకం అక్కడ ఎవరికీ లేదు.

నేను పగిలిన మూలను వేలితో తడిమి చూశాను. అంచు మీద ఒక చిన్న నెర్ర. ఇసుక రేణువు ఒత్తుకుని చేసింది కావచ్చు, ఇప్పుడు పడడం వల్ల వచ్చింది కావచ్చు. గట్టి పూతకు ఉన్న జబ్బే అది. పైకి గీత కనిపించదు, అంచున ఎక్కడో నలుసంత దెబ్బ తింటుంది, ఆ తర్వాత చిన్న తాకిడికి మొత్తం పోతుంది.

"అద్దం తప్పు ఉందమ్మా ఇందులో. ఎవరి చేతిలో పడినా పగిలేదే" అన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను ఎంత గట్టిగా నమ్మి అన్నానో నాకూ తెలియదు.

అతను మాత్రం విన్నాడు. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మేడం, నా పేరు రాయకుండ్రి" అన్నాడు.

ఫోన్ ఖరీదు కట్టమంటామని భయపడుతున్నాడు అనుకున్నాను. "డబ్బులేం అడగం" అన్నాను.

"పైసల సంగతి గాదు. పేరు రాయకుండ్రి."

ఫోన్ ఎక్కడైనా బాగవుతుందేమో అని టేకులపల్లికి బయల్దేరాం, దారిలో స్కూటీ మీద సెక్రటరీ చెప్పింది. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు చెట్టు కొట్టాడని అతని మీద కేసు పెట్టారట. ఎవరో ఒక కాగితం మీద పేరు రాసుకుపోయారు, ఆ తర్వాత కోర్టు చుట్టూ తిరగడంతోనే అతని వయసు గడిచిపోయింది. "అయినా మేడం, ఇయ్యాల కావాల్ననే చేసిండు. నాకు తెలుసు" అంది.

టేకులపల్లి దగ్గరికి రాగానే సిగ్నల్ వచ్చింది. బండి ఆపించి బాస్‌కు ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, "సార్, ప్లాస్టిక్ ఫోన్ తెర ఊడదీసి దీనికి వేస్తాను. లోపల అంతా ఒకటే కదా, పనిచేస్తుంది" అన్నాను.

"శాంపిల్స్ విప్పొద్దు! విప్పితే పరీక్ష మొత్తం చెల్లదు, నీకు తెలీదా? ఎవరు పడేశారు?"

"రైతు ఒకాయన."

"పేరు తీసుకో. వాడినవాళ్ళ పొరపాటు అని రాయి. అప్పుడు తప్పు అద్దం మీదికి రాదు."

"సార్, సాయంత్రంలోపు ఆమె చేను..."

"అది మన పని కాదమ్మా" అన్నాడు. విసుక్కోలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఇంకా చిరాకు వేసింది. సిగ్నల్ పోయినట్టు ఫోన్ కట్ చేశాను.

రోడ్డు మీద ఒక రిపేరు షాపు ఉంది. నడివయసు మనిషి, కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని బయట స్టూలు మీద కూర్చున్నాడు. కరెంటు లేదు. ఫోన్ చూపించి విషయం చెప్పాను.

"ఈ మోడల్ నేను సూడలే మేడం."

"నేను చూశాను. విప్పడం నేను చెప్తాను, మీ చెయ్యి కావాలి. పనిముట్లూ మీవే."

"అది సరే, జిగురు కరగాలంటే వేడి కావాలె గదా. కరెంటు సాయంత్రానికి గాని రాదు. ఎల్లందు పోరాదుండ్రి?"

ఎల్లందు పోయి రావడానికి టైమ్ లేదు, అక్కడైనా కరెంటు ఉందో లేదో తెలియదు. సెక్రటరీ వాచీ చూసుకుంటోంది, నేను షాపులో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తున్నాను. నడుస్తూ బయటికి చూస్తే రోడ్డు అవతల ఇస్త్రీ బండి కనిపించింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె.

రిపేరు ఆయన నా చూపు వెంబడి చూశాడు. "అమ్మో. తెర మాడుతది."

"తడిబట్ట అడ్డం పెట్టి మెల్లగా తాకిద్దాం. ఎంత వేడికి ఏమవుతుందో నాకు తెలుసు. అదే నా ఉద్యోగం."

తెలుసు అన్నానే కానీ నాకు తెలిసింది మిషన్‌లో అంకె చూసి. ఇస్త్రీపెట్టెకు అంకెలుండవు. ఇస్త్రీ చేసే ఆమె ముందు ఒప్పుకోలేదు. ఎవరి పట్టుచీరకైనా జిగురు అంటితే ఎవరు జవాబు చెప్పాలి అంది. సెక్రటరీ పోయి ఏదో చెప్పింది. ఆమె పెట్టె పట్టుకుని తానే వచ్చింది. బట్టను మడిచి అంచు మీద వేసి, పెట్టెను పైపైన ఆనించి తీసింది. నేను వేలి వెనకవైపు ఆనించి వేడి చూస్తున్నాను. మళ్ళీ. మళ్ళీ. రిపేరు ఆయన సన్నటి రేకు పెట్టి సందు వెతుకుతున్నాడు. ముందు మంచి ఫోన్, అంటే ప్లాస్టిక్‌ది. దానికి ఏమైనా అయితే ఇంక మార్గం లేదు.

"ఆగండి... ఊడ్తుంది... ఊడ్తుంది" అంటూ రేకును సందులోకి జరిపాడు. పలక లేచింది. కింద రిబ్బన్ తీగ. దాన్ని ఎక్కడ నొక్కి వదిలించాలో చెప్పాను. వదిలింది. తర్వాత పగిలినదాన్ని విప్పుతుంటే అద్దం పొడి బల్ల మీద రాలింది. అతని వేలు కోసుకుంది, నోట్లో పెట్టుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

తెర మార్చి బటన్ నొక్కితే ఏమీ లేదు. నలుగురం ఆ నల్లటి పలక వంక చూస్తూ నిలబడ్డాం. రిపేరు ఆయన తీగను తీసి ఊది మళ్ళీ నొక్కాడు. ఈసారి వెలుగు వచ్చింది. పాలమీగడ వెనక నుంచి దీపం చూసినట్టు మసకగా వచ్చింది.

సెక్రటరీ గుర్తు గీసింది. కొలతలు ఉన్నాయి. మూలల ఫోటోలు ఉన్నాయి. ఆఖరిది కూడా ఉంది. పంపమని నొక్కితే గుండ్రటి చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. మధ్యలో సిగ్నల్ పోయింది. అమ్మాయి ఫోన్ నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. లారీలు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా అటూ ఇటూ తిరుగుతోంది. నేను వెనకే. ఆ చక్రం తిరిగినంతసేపూ నాకు నా ఉద్యోగం గుర్తు రాలేదు, శాంపిల్ గుర్తు రాలేదు. ఆ పరుపుబండ మీద అటు తిరిగి నిలబడ్డ ముసలామె ఒక్కతే గుర్తుంది.

"పోయింది మేడం" అంది చివరికి. ఆ మాట రెండు రకాలుగా వినిపించి నా పై ప్రాణం పైనే పోయింది. "పైకి పోయింది. అందింది అని వచ్చింది, చూడండి." ఎండలో నాకేం కనిపించలేదు. ఆమె మాట మీదే నమ్మాను.

మళ్ళీ గూడేనికి వెళ్ళాల్సిన అవసరం నాకు లేదు. ఎల్లందులో బస్సు ఎక్కి వెళ్ళిపోవచ్చు. ఉండబట్టలేకపోయాను.

పొద్దు వాలుతుండగా వెళ్ళేసరికి మరిది గూడెం మొదట్లో రాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మిర్చికి పోయే ట్రాలీ ఆటో వచ్చి వెళ్ళిపోయిందట. "ఎక్కమంటే ఎక్కలే. ఫోన్ బాగైతదా కాదా తెల్వకుండ ఎట్ల పోత అన్నడు" అని ఎవరో చెప్పారు. కొంచెం దూరంలో వాకిట్లో వదిన నిలబడి ఉంది. అతన్ని పోకుండా కాపలా కాసిందో, తానూ కబురు కోసమే చూస్తుందో చెప్పలేను.

"అయిపోయిందవ్వా, పంపించినం" అని సెక్రటరీ కేకేసింది. ముసలామె బరువు దించుకున్నట్టు చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుని వాకిట్లోనే కూలబడింది.

నేను మరిది దగ్గరికి వెళ్ళి ఫోన్ చాచాను. "నీ ఫోటో చూడలేదు కదా పొద్దున. చూడు."

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు మేడం."

"ఇది పగలదు. ఇది ప్లాస్టిక్."

నమ్మలేదు. అయినా చూడాలని ఉంది, మొహంలో తెలుస్తోంది. చివరికి ఏం చేశాడంటే, ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనేంత కిందికి దించి, అప్పుడు దోసిలి పట్టాడు. పడినా ఎత్తు ఉండకుండా. నేను ఆ దోసిట్లో ఫోన్ పెట్టాను. తెర మసక. కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"వదినె గూడ పడ్డది" అన్నాడు.

ముసలామె లేచి వచ్చింది. వెనక నిలబడి అతని భుజం మీది నుంచి వంగి చూసింది. "ఏది, నాకేం కానస్తలేదు" అంది. అతను ఫోన్‌ను ఆమె వైపు తిప్పి, తన నీడ దాని మీద పడేటట్టు జరిగాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవేనని సెక్రటరీ తర్వాత చెప్పింది. అంతకుమించి ఇంకేం మాట్లాడుకోలేదు కూడా.

నేను వచ్చేటప్పుడు స్కూటీ దాకా వచ్చాడు. "నా పేరు?" అన్నాడు.

"రాయను" అన్నాను.

అతను కావాలని పడేశాడా, జారిందా? హైదరాబాద్ బస్సులో దారంతా అదే ఆలోచన. ఎండకు తిప్పేటప్పుడు వేళ్ళు సడలినట్టు ఒకసారి అనిపిస్తుంది, వదిలినట్టు ఒకసారి అనిపిస్తుంది. ఫోన్లు పడడం చూడడమే పనిగా బతికిన మనిషిని, ఆ ఒక్క పడడం ఏమిటో నాకు ఇప్పటికీ తేలలేదు. బస్సు సూర్యాపేట దాటాక ఒకటి మాత్రం తేలింది. ఒక మనిషి వేళ్ళు కాస్త సడలితే ఇంకో మనిషి చేను పోయేటట్టుంటే, ఆ అద్దాన్ని నేను మంచిది అనలేను. అతను కావాలనే పడేసినా సరే.

ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టారు. పరీక్ష చెల్లకుండా చేశానని బాస్ మొహం ముడుచుకుని ఉంది. నేను గూడెం నుంచి పొట్లం కట్టి తెచ్చిన ఇసుకతో కొత్త గట్టి పూత ఫోన్‌ను రుద్ది, అందరి ముందూ నడుమెత్తు నుంచి రాతిపలక మీదికి వదిలాను. పగల్లేదు. మళ్ళీ వదిలాను. పగల్లేదు. ఎవరో నవ్వారు.

"చూశారా?" అన్నాడు బాస్. "అద్దం మంచిదే. పట్టుకోవడం రానివాళ్ళ చేతికిస్తే ఏదైనా పగులుతుంది. ఇంతకీ అక్కడ ఎవరి చేతిలో పగిలింది? పేరు తెచ్చావా?"

అందరూ నా వంక చూశారు.

"నా చేతిలో" అన్నాను.

"ఏంటి?"

"నా చేతిలోనే సార్. ఫోటో ఎట్లా వచ్చిందో చూద్దామని తీసుకున్నాను. ఎండకు తిప్పుతుంటే జారింది."

"ఫోన్లో రైతు అన్నావు?"

"చెప్పడానికి సిగ్గేసింది సార్. ఇన్నేళ్ళు పడేసిందంతా జీతానికి. తెలియకుండా పడేసింది ఇదొక్కటే."

గదిలో ఎవరూ నవ్వలేదు. పట్టుకోవడం రానిదని నన్ను అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. వేడి పరీక్షలు చూసే ఒకావిడ, నాకంటే చిన్నది, బల్ల మీది ఫోన్ తీసి తిప్పి చూస్తూ అంది: "ఇక్కడ రెండుసార్లు పడినా పగల్లేదు. అక్కడ ఒక్కసారికే పోయింది. ఎప్పుడు పగులుతుందో మనకే తెలియనిదాన్ని అడవిలో తిరిగేవాళ్ళకు ఏమని చెప్పి ఇస్తాం?"

బాస్ బీటాఫీసర్ దగ్గరి నుంచి వచ్చిన రెండో రకం ఫోన్ తెప్పించాడు. దాని నిండా సన్న గీతలు. వెలుతురుకు పెట్టి, పోతాయేమో అన్నట్టు ఆ గీతల్ని చొక్కా అంచుతో రుద్దాడు. అయినా మొండి ఫోన్‌కు అదే ఖాయం చేశాడు. షాపుల్లో అమ్మే ఫోన్లకు మాత్రం గట్టి పూతే ఉంచాడు. అందులో నేను ఓడిపోయాను, ఇప్పటికీ చాలామంది చేతుల్లో ఉన్నది అదే.

బయట వరండాలో నన్ను ఆపి, "నిజంగా నీ చేతిలోనే పడిందా?" అని అడిగాడు.

"ఆ బండ మీద ఎవరి చేతిలో పడినా అంతే సార్" అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

గీత పడని అద్దం ఏదని అడిగే మీకు నా జవాబు ఇది. ఉంది, దొరుకుతుంది. అయితే అది ఎవరి చేతిలో ఉండబోతోందో, వాళ్ళ కాళ్ళ కింద ఏముందో ఒకసారి వెళ్ళి చూసి రండి. చూసి వచ్చాక కూడా మీకు నిద్ర పట్టకపోతే కంగారు పడకండి. ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ నాకూ సరిగా పట్టలేదు.

కొన్నాళ్ళకు సెక్రటరీ అమ్మాయి ఫోన్ చేసింది. పట్టాలు వచ్చాయట, వదినకు వేరే, మరిదికి వేరే. కొత్త ఫోన్ల నిండా గీతలేనని తిట్టింది కూడా. పెట్టేసే ముందు, "ఆయన మీ గురించి అడిగిండు మేడం. ఆ మేడం నా పేరు రాసిందా అని" అంది.

"ఏం చెప్పావు?"

"రాయలేదని చెప్పిన. నమ్ముతలేడు."

"మళ్ళీ చెప్పు" అన్నాను.